అక్షరాలు కనబడే వైపు

లెక్కల మాస్టారు చుబుకం మీద రెండు చోట్ల దూది అంటించుకుని పాత వస్తువుల దుకాణంలోకి వచ్చాడు. జేబురుమాలులో చుట్టి తెచ్చిన రేజరును గాజుబల్ల మీద పెట్టి, మూట కూడా విప్పకుండా, "ఇది మీరే ఉంచుకోండి" అన్నాడు.

షావుకారు తన పొడుగాటి గడ్డం నిమురుకుంటూ రుమాలు విప్పాడు. నికెలు పూత మీద వేలిముద్ర తప్ప మరక లేదు. పూర్వకాలపు సేఫ్టీ రేజరు అది. పిడి ఒక ముక్క, పలక ఒక ముక్క, మూత ఒక ముక్క. పలకకూ మూతకూ మధ్య పల్చటి బ్లేడు పెట్టి మర బిగించాలి.

"కొత్తలో చెయ్యి తిరగదండి. వారం పది రోజులు ఓపిక పట్టాలి."

"చెయ్యి తిరక్కపోతే ఏదో ఒకచోట తెగుతుంది. ఇది ఎక్కడ పెడితే అక్కడే తెగుతోంది. ప్లాస్టిక్‌వి వాడి పారెయ్యడం ఎందుకు, మా తాత ఇలాంటిదాంతోనే గీసుకునేవాడు కదా అని కొన్నాను. ఆయన ఎనభై ఏళ్లు బతికాడు. నేను ఎనిమిది రోజులు బతికేలా లేను."

"వేరేది ఇస్తాను. శుక్రవారం రండి."

మాస్టారు వెళ్లాక షావుకారు రేజరు పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. అక్కడ కిటికీ పక్కన పొడుగాటి బల్ల. బల్ల ముందు ఎత్తు పీట మీద కూర్చుని, అతని దగ్గర పనిచేసే పిల్ల ఒక తాళంకప్ప సందుల్లోని చిలుమును పుల్లకు చుట్టిన గుడ్డతో తీస్తోంది. దుకాణంలోకి వచ్చే గడియారాలకూ దీపాలకూ తాళాలకూ మెరుపు పెట్టేది ఆమే. షావుకారు ఆమెను పాలిషూ అనే పిలిచేవాడు.

"మూడోది" అన్నాడు రేజరును ఆమె ముందు పెడుతూ. "ఎంత రుద్దుతున్నావమ్మా? అంచులన్నీ అరగదీసి పెట్టావు. జనం మొహాలు కోసుకుంటున్నారు."

"అంచుల జోలికి నేను పోను సార్. మెత్తటి గుడ్డే కదా పెట్టేది."

"నీటిచుక్క మెత్తగానే ఉంటుంది. రాయి అరగట్లేదా?" అతని గొంతులో కోపం లేదు. లెక్క తేలిపోయినవాడిలా మాట్లాడాడు. "శనివారం దాకా చూస్తాను. ఇంకొకటి తిరిగొచ్చిందా, ఈ బల్ల దగ్గరికి వేరే మనిషిని చూసుకుంటాను. అర్థమైందా?"

ఆమె తలూపింది. అతను వెళ్లాక తాళంకప్పను పక్కకు జరిపి, చేతులు గుడ్డకు తుడుచుకుంది. అంతకుముందు తిరిగొచ్చిన రెండింటినీ కూడా సొరుగులోంచి తీసి మూడింటినీ పక్కపక్కన పడుకోబెట్టింది. షావుకారు పాత ముద్రలు చదువుకునే భూతద్దం అడిగి తెచ్చుకుని ఒక్కొక్క అంచునూ కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. పలక అంచుకు దువ్వెనలా చిన్న చిన్న పళ్లున్నాయి. ఒక్క పన్నూ వంగలేదు, అరగలేదు. సబ్బునీళ్లలో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో తోమి, ఆరబెట్టి, పాలిషు అద్ది, మళ్లీ తుడిచి, ఇలా కనీసం నలభై రేజర్లు ఆమె చేతిలోంచి వెళ్లాయి. వాటిలో ఒక్కటైనా ఒక మొహం మీద నడవగా ఆమె చూడలేదు. గీసేటప్పుడు ఏ భాగం ఏం చేస్తుందో కూడా తెలియదు. ఇన్నాళ్లూ ఆ సంగతి తనకే తట్టకపోవడం ఆమెకు వింతగా అనిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేముందు షావుకారును అడిగింది. "ఈ మాస్టారిదీ, అద్దాల బీరువాలోది ఇంకోటీ, రెండూ ఇంటికి తీసుకెళ్తాను సార్. పొద్దున్నే తెస్తాను."

"ఇంట్లో గడ్డం ఎవరికుంది?"

"మా బాబాయికి."

"గీత పడిందంటే నీ జీతంలోంచే" అన్నాడు గానీ వద్దనలేదు.

*

బాబాయి బస్సు కండక్టరు. నున్నగా గీసుకోకుండా డ్యూటీకి వెళ్తే పైవాళ్లు ఊరుకోరు. రోజూ పొద్దున పెరట్లో కుళాయి పక్కన, గోడకు కొట్టిన మేకుకు అద్దం తగిలించి, ఒంటిసబ్బునే మొహానికి రాసుకుని, ప్లాస్టిక్ రేజరుతో నాలుగు గీతలు గీసుకుని టికెట్ల సంచీ అందుకునేవాడు. ఆ రోజు అద్దంలో తన వెనక అన్న కూతురు రెండు రేజర్లు పట్టుకుని నిలబడి ఉండడం చూసి ఆగిపోయాడు.

"నా మొహం నీకు ప్రయోగశాలలా కనిపిస్తోందా?"

"ఒక్కసారి బాబాయ్. ఊరికే చూడాలి."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది పిన్ని గుమ్మంలో బియ్యం చేట పట్టుకుని. "తెగేది ఆయనకీ, తొందర నీకూనా?"

"తెగకపోతే ఎందుకు తెగలేదో తెలుస్తుంది కదా పిన్నీ."

"తెగితే?"

"అప్పుడూ తెలుస్తుంది."

బాబాయి నవ్వాడు. "సరే తే. క్షవరమైతే గానీ వివరం తెలియదన్నారు పెద్దలు. వివరం నీకు, క్షవరం నాకు."

మాస్టారి రేజరులో కొత్త బ్లేడు పెట్టి ఇచ్చింది. బాబాయి అలవాటు ప్రకారం గట్టిగా అదిమి చెంప మీద కిందికి లాగాడు. రెండో గీతకే చెవి దగ్గర ఎర్రటి చుక్క లేచింది. ఆమె ఆ చుక్కను చూడలేదు. చప్పుడు వింటోంది. కిర్రుమని, పళ్లు కొరికినట్టు, ఒక వణుకు.

"ఇంకోటి ఇవ్వనా?"

"నెత్తురొస్తోంది తల్లీ ఇక్కడ."

పిన్ని లోపల్నుంచి పటికరాయి తెచ్చి మొగుడి చెంపకు అద్దింది. అతను మూతి ముడుచుకున్నాడు గానీ రెండో రేజరు అందుకున్నాడు. ఈసారి భయంతో చెయ్యి తేలిగ్గా వేశాడు. నురగ తెల్లగా ముందుకు జరిగిపోయి, వెనక నున్నటి దారి మిగిలింది. చప్పుడు కూడా వేరు. కాగితం మీద చీపురు ఆడినట్టు, సన్నగా. అతను వేలితో చెంప తాకి చూసుకుని, అద్దంలోకి వంగి, మళ్లీ తాకాడు.

"ఇది బాగుందే" అన్నాడు. "మొదటిదాన్ని ఎవరికైనా పగవాడికి అమ్మండి."

"రెంటికీ బ్లేడు ఒకటే బాబాయ్. రెండూ తోమింది నేనే."

"అయితే నీ షావుకారు మాట తప్పు."

"మాట తప్పేనని తెలుస్తోంది. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు."

*

మంగళవారం, బుధవారం ఆమె భోజనం విరామంలో బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, రెండు రేజర్ల ముక్కలూ విడదీసి పెట్టుకుంది. పిడికి పిడి, మూతకు మూత పక్కన పెట్టింది. బ్లేడును మాత్రం కాగితం మడతలో దాచింది. తర్వాత పెన్సిలుతో ఒక్కొక్క ముక్క చుట్టూ గీత గీసింది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. పక్క నుంచి చూద్దామని కంటి ఎత్తుకు తెచ్చుకుంది.

పలక బల్లపరుపుగా లేదు. ఒకవైపు చిన్న పొట్టలా ఉబ్బి ఉంది. రెండోవైపు అంతే గుంట. ఇన్నాళ్లూ గుడ్డతో ఆ ఉబ్బు మీద నుంచి, ఆ గుంటలోంచి వేలు పోనిచ్చి తుడిచిందే గానీ, అది ఎందుకు అలా ఉందో ఆలోచించలేదు. మూత లోపలి వైపు కూడా గుంటే. ఆ గుంటలోకి పలక పొట్ట వచ్చేలా పెట్టి, మధ్యలో బ్లేడు బదులు అట్టముక్క పెట్టి, మర బిగించింది. చదునుగా ఉన్న అట్ట బిగిస్తున్నకొద్దీ విల్లులా వంగింది. వేలితో అంచు మీటింది. కదల్లేదు.

మాస్టారి రేజరులో పలకను తాను ఎలా బిగించి ఇచ్చిందో గుర్తు చేసుకుని, అలాగే పెట్టింది. పొట్ట బయటికి, గుంట లోపలికి. అట్టను మధ్యలో మర మాత్రమే పట్టుకుంది. మీటితే అంచు కొట్టుకుంది. చర్మాన్ని ముందుగా సాపు చేసి బ్లేడుకు అందించాల్సిన దువ్వెనపళ్లు అవతలికి తిరిగి ఉన్నాయి.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తలకిందులుగా బిగించింది తనే. కానీ మిగతావి సరిగానే బిగించిందే, ఇవి మాత్రం ఎందుకు ఇలా? రెండు పలకలనూ మళ్లీ చేతిలోకి తీసుకుని తిప్పింది. బాగా గీసినదాని మీద తయారీదారు ముద్ర గుంట వైపు ఉంది. మాస్టారిదాని మీద పొట్ట వైపు. అప్పుడు తెలిసింది. మూతపడిన ఒక క్షవరం సామాన్ల అంగడి నుంచి రేకుపెట్టెలో ఈ రకం తొమ్మిది రేజర్లు వచ్చినప్పుడు, మొదటిదాన్ని ఆమె పలక పొట్టను లోపలికే పెట్టి చూపించింది. షావుకారు దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి, "అక్షరాలేవీ?" అన్నాడు. "పాత వస్తువుకి అక్షరమే ప్రాణం. కొనేవాడు ముందు చూసేది అదే. అక్షరాలు బయటికి కనపడాలి, తిప్పి బిగించు." ఆమె తిప్పి బిగించింది. తొమ్మిదింటినీ.

ఆ సాయంత్రం పలకను సరిచేసి, ముందు తన ముంజేతి మీద సబ్బు రాసి గీసి చూసుకుంది. మర్నాడు పొద్దున బాబాయి గడ్డం పట్టుకుని బతిమాలింది, నిజంగానే పట్టుకుని. "ఇది ఆ పగవాడి రేజరే కదూ?" అన్నాడతను అనుమానంగా. అయినా కూర్చున్నాడు. ఈసారి ఆమే గీసింది. రేజరు బరువుకే అది నడుస్తుందనీ, చెయ్యి అదమక్కర్లేదనీ, పిడిని కొంచెం వాల్చి పట్టుకుంటేనే బ్లేడు చర్మానికి అందుతుందనీ, వెంట్రుక ఎటు వాలితే అటే గీయాలనీ ఆ చెంపా ఈ చెంపా అయ్యేసరికి ఆమెకే తెలిసొచ్చింది. మెడ దగ్గర వెంట్రుకలు పక్కకు వాలి ఉండడం చూసి, ఆగి, వేళ్లతో తడిమి, చేతిని అటే తిప్పింది. ఒక్క చుక్క రాలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అంది పిన్ని.

"ఇప్పుడే, ఈయన మొహం మీద."

"నయం. నేను పాతికేళ్లుగా చూస్తున్నా ఆ మొహంలో నేర్చుకోడానికి ఏమీ కనపడలేదు."

*

గురువారం షావుకారుకు చెప్పింది. అట్టముక్క పెట్టి చూపించింది కూడా. అతను భూతద్దంలోంచి అట్టను కాకుండా అక్షరాలను చూశాడు.

"తిప్పి పెడితే ఇవి కనపడవుగా."

"కనపడవు సార్. కానీ తెగదు."

"గడ్డం లేనిదానివి, గడ్డం సంగతి నువ్వు చెప్తావా?"

మీకు గడ్డం ఉన్నా ఎప్పుడూ గీసుకోరు కదా అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక మాస్టారు వచ్చాడు. దూది పోయింది, గాట్లు నల్లబడ్డాయి. వెనక గది తలుపు తీసే ఉంది. షావుకారు గొంతు స్పష్టంగా వినపడింది.

"మా దగ్గర పాలిషు పెట్టే అమ్మాయి ఉందండి. అంచులు అరగదీసింది. రేపటి నుంచి మాన్పించేస్తున్నాను. మీకు దాని చెయ్యి పడనిది చూసి ఇస్తాను."

ఆమె పీట దిగింది. బల్ల మీద ఉన్న మాస్టారి రేజరూ, సబ్బూ, నీళ్లగిన్నె, గడ్డం బ్రష్షూ తీసుకుని ముందుకు వచ్చింది. గాజుబల్ల మీద అవి పెట్టి, షావుకారు వైపు చూడకుండా మాస్టారితో అంది:

"ఇది మీదేనండి. పలక తిరగేసి ఉంది, అందుకే తెగింది. అంచులు అరగలేదు. అక్షరాలు కనపడాలని తిప్పి బిగించాం."

"బిగించాం అంటే ఎవరు?" అన్నాడు మాస్టారు.

షావుకారు గడ్డం మీది చెయ్యి ఆగింది.

"మరి ఇప్పుడు సరిగ్గా ఉందని రుజువేమిటి?" మాస్టారి గొంతులో ఎగతాళి లేదు. నల్లబల్ల దగ్గర పిల్లాణ్ణి ముందుకు నడిపించే తీరు అది. "నా మొహం మీద మాత్రం వద్దు. షావుకారు గారూ, మీరు..."

"నా గడ్డం జోలికి రాకండి" అన్నాడు షావుకారు.

ఆమె బ్రష్షును నీళ్లలో ముంచి, సబ్బు మీద తిప్పి, నురగ చిక్కబడేదాకా ఆగింది. తర్వాత దాన్ని తన కుడి చెంపకు రాసుకుంది. చెవి దగ్గర నుంచి దవడ దాకా తెల్లగా. తాళాలు చూస్తున్న ఇద్దరు కొనుగోలుదారులు ఇటు తిరిగారు. ఒక ఆడపిల్ల దుకాణం మధ్యలో నిలబడి గడ్డం గీసుకోవడం వాళ్లెవరూ ఎప్పుడూ చూసి ఉండరు. గోడ మీద అమ్మకానికి పెట్టిన అద్దంలో చూస్తూ, చర్మాన్ని రెండు వేళ్లతో కొంచెం పైకి లాగి, పిడిని వాల్చి, చిన్న చిన్న గీతలుగా కిందికి దించింది. నాలుగు గీతలు. రేజరు చప్పుడు గాజుబల్ల అవతలికి కూడా వినపడింది.

తడిగుడ్డతో తుడుచుకుని చెంపను మాస్టారి వైపు తిప్పింది.

అతను కళ్లజోడు సర్దుకుని చూశాడు. "తెగలేదు. కానీ నీకు గడ్డం లేదు కదమ్మా. ఇది సగం రుజువే."

"అవునండి. మిగతా సగం నా దగ్గర లేదు."

మాస్టారు చొక్కా పైగుండీ విప్పాడు. వెనక గదిలో కుళాయి ఉంది. నురగ ఆమే కలిపి ఇచ్చింది. అతను గీసుకుంటుంటే పక్కన నిలబడి, "అదమకండి... ఇంకొంచెం వాల్చండి... అక్కడ వెంట్రుక ఇటు వాలింది, చూడండి" అంటూ ఉంది. సరిగా ఎక్కని లెక్కను రెండోసారి వింటున్న పిల్లాడిలా అతను తలూపుతున్నాడు. షావుకారు గుమ్మానికి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. పూర్తయ్యాక మాస్టారు పాత గాట్ల చుట్టూ వేలు పోనిచ్చి తడుముకుని, చేతి వెనకవైపుతో మరోసారి తడుముకున్నాడు.

"షావుకారు గారూ, వీటితో మీరెప్పుడైనా గీసుకున్నారా?"

"పాతికేళ్లుగా అమ్ముతున్నానండి."

"నేనడిగింది అది కాదు" అని మాస్టారు గుండీ పెట్టుకున్నాడు. "పోనీలెండి. ఇలా బిగించినవి ఇంకా ఎన్ని వెళ్లాయి?"

ఆమె చెప్పింది. "మీది కాకుండా రెండు తిరిగొచ్చాయి. ఇంకా ఆరు బయట ఉన్నాయి. పొట్లాలు కట్టి చిరునామాలు రాసింది నేనే. ఇళ్లన్నీ గుర్తున్నాయి."

*

శనివారం పొద్దున ఆమె వచ్చేసరికి గాజుబల్ల మీద ఆరు పోస్టుకార్డులు ఉన్నాయి. షావుకారు మొదటిది రాసి ఆమె ముందుకు తోశాడు. మా దుకాణంలో పనిచేసే అమ్మాయి తెలియక పలకను తిరగేసి బిగించింది, దయచేసి సరిచేసుకోండి అని ఉంది. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి.

ఆమె రెండుసార్లు చదివింది. కార్డును తిరిగి అతని ముందు పెట్టింది.

"మిగతా చిరునామాలు చెప్పు" అన్నాడు.

"ఇది మార్చితే చెప్తాను సార్."

"ఏం మార్చాలి? బిగించింది నువ్వేగా."

"నేనే. తెలియక కాదు. మీరు చెప్తే."

బయట ఎవరో తలుపు తోసి, గడియారం ధర అడిగి, వద్దనుకుని వెళ్లిపోయారు. షావుకారు ఆ మనిషి వెళ్లిన వైపే చాలాసేపు చూశాడు. ఆమె కదల్లేదు. కదిలితే తను వెనక గదిలోకి వెళ్లాలో వీధిలోకి వెళ్లాలో ఆమెకు తెలియదు. చివరికి అతను కార్డును నిలువుగా రెండు ముక్కలు చేసి, ఇంకొకటి ముందుకు లాక్కున్నాడు. ఆమె చిరునామాలు ఒక్కొక్కటే చెప్పింది. అతను రాశాడు. ఏం రాశాడో చూపించలేదు, ఆమె వంగి చూడలేదు. అయిపోయాక ఒక కాగితం తీసి చిరిగిన కార్డు స్థానంలో అదే మాట రాసి, మడిచి, మొత్తం ఆమె చేతికిచ్చాడు.

"పోస్టు డబ్బాలో వేసిరా. వచ్చాక బీరువాలో మిగిలినవన్నీ ఒకసారి విప్పి చూడు. నాకు మరలు సరిగా బిగించడం రావట్లేదు."

దారిలో మొదటి కార్డు చదివింది. అక్షరాలు కనపడాలని పలకను నేనే తిప్పి బిగించమన్నాను, పొట్ట వైపు బ్లేడుకు ఆనేలా మార్చుకోండి, అంటూ కింద అతని సంతకం ఉంది. ఆమె ప్రస్తావన ఎక్కడా లేదు. నిందా లేదు, మెప్పూ లేదు. ఆమె నడుస్తూనే ఇంకోసారి చదివి, ఐదు కార్డులూ డబ్బాలో వేసింది.

మడిచిన కాగితం మిగిలింది. ఆ చిరునామా రెండు వీధుల అవతలే. డబ్బాలో వేస్తే సోమవారానికి అందుతుంది. ఈలోపు ఆ మనిషి ఆదివారం గీసుకుంటాడు. ఆమె కాగితాన్ని చేతిలోనే పెట్టుకుని నడిచింది.

మెట్లెక్కి తలుపు తట్టింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మెడలో తువ్వాలు, ఒక చెంపకు నురగ, ఇంకో చెంపకు కాగితం ముక్కలు అంటించుకున్న ఒక లావుపాటి మనిషి విసుగ్గా నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఆ ఒక్క చెంపతోనే కుస్తీ పడుతున్నట్టుంది.

"ఎవరు కావాలమ్మా?"

ఆమె కాగితం అందించబోయి ఆగింది.

"ఆ రేజరు బిగించింది నేనేనండి" అంది. "ఒకసారి ఇలా ఇవ్వండి. రెండో చెంప ఇంకా మిగిలింది కదా."